కానుక ముందే తీసి పెట్టండి

మాది పర్లాకిమిడి. మా క్రైస్తవ సంఘం స్త్రీల సమాజంలో లెక్కలు నేనే రాస్తాను. కొత్త కోడళ్లు "అక్కా, కానుక ఎలా ఇవ్వాలి?" అని అడుగుతుంటారు.

బైబిల్లో మొదటి కొరింథీ 16:2 చదవండి. ప్రతి ఆదివారం, వచ్చినదాన్ని బట్టి కొంత ఇంట్లోనే తీసి పెట్టమన్నాడు అపొస్తలుడైన పౌలు. కాబట్టి కూలి డబ్బయినా, జీడిపిక్కలు అమ్మిన డబ్బయినా చేతికందిన రోజే కానుక కవరులో వేసేయాలి. కిరాణా బాకీ, చీటీ కట్టాక చూద్దామంటే ఏమీ మిగలదు. దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు, ఒక్కసారే కష్టమైతే చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. అప్పు చేసి మాత్రం వద్దు. సణుగుతూ ఇవ్వొద్దని రెండో కొరింథీ 9:7లోనే ఉంది.

చేతిలో డబ్బు ఆడని ఇల్లాలికి పిడికెడు బియ్యం కానుక ఉంది. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి, కడగక ముందే ఒక గుప్పెడు తీసి గట్టి మూత డబ్బాలో వేయండి. రెండు ఎండుమిరపకాయలు పడేస్తే పురుగు పట్టదు. నెలాఖరున గుడికి తెస్తే అక్కడే అమ్మి జమ కడతాం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ సువార్త సేవను పోషిస్తోంది. నాకెంతో ధైర్యమిచ్చే సంగతి ఇది.

కొండ మీది సవర గిరిజనుల ఊళ్లలో సేవకోసం ఇస్తుంటే కవరు మీద ఆ మాట విడిగా రాయండి. రశీదు అడగండి, అది అపనమ్మకం కాదు. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా మోసుకెళ్లేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలే తోడు మనుషులను పెట్టుకున్నాడు.