ఇంట్రూజన్ ఉంది, ఖనిజం లేదు: ఎక్కడ తేడా కొట్టింది?

మ్యాపులో గాబ్రో అనే ముదురు రంగు రాయి పెద్దగానే కనిపిస్తుంది. అలాంటి గాబ్రోలోనే ఇంకోచోట నికెల్ గని నడుస్తోందని చదివుంటాం. తీరా బోరు దింపితే నల్లరాయి తప్ప ఇంకేం రాదు. పైకి చేరకుండా భూమి లోపలే గడ్డకట్టిన మాగ్మా (కరిగిన రాయి) ముద్దల్లో, అంటే ఇంట్రూజన్లలో, ఎక్కువ శాతం ఇలా ఖాళీవే.

రాయిని మనం బాగుచేయలేం. ఇక్కడ పరిష్కారం అంటే తర్వాతి బోరు ఎక్కడ వేయాలో, అసలు వేయాలో వద్దో తేల్చుకోవడమే. పెరుగంతటా వెన్న ఉంటుంది, చిలికితేనే ముద్దవుతుంది. లోహమూ అంతే. గాబ్రోల్లో ఆ కవ్వం పని గంధకానిది. అది లోహాన్ని పట్టుకుని సల్ఫైడ్‌గా, అంటే గంధకంతో కలిసిన ఖనిజంగా, ముద్దకడుతుంది.

సమస్య 1: ల్యాబ్ రిపోర్టులో నికెల్ ఉంది, రాతిలో సల్ఫైడ్ లేదు

అందరూ మొదట బోల్తాపడేది ఇక్కడే. 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) నికెల్ అని చూడగానే ఆశ పుడుతుంది. ఆ నికెల్ ఆలివిన్ అనే సిలికేట్ ఖనిజపు స్ఫటికాల లోపల ఇరుక్కుని ఉంటుంది, దాన్ని మామూలు మిల్లులో వేరుచేయలేం.

కారణం: మాగ్మాలో గంధకం సంతృప్త స్థాయికి చేరలేదు. మాగ్మా పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గి, గంధకాన్ని ఇంకా ఎక్కువగా కరిగించుకోగలుగుతుంది. కాబట్టి సల్ఫైడ్ బొట్లు విడిపోవాలంటే సాధారణంగా బయటి గంధకం తోడవ్వాలి. సైబీరియాలోని నోరిల్స్క్‌లో జరిగింది అదే. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట అక్కడి మాగ్మా అన్‌హైడ్రైట్ (గంధకమున్న కాల్షియం సల్ఫేట్) పొరలున్న అవక్షేప శిలల్లోకి దూరింది. మాంటిల్ (భూమి పైపొర కింది భాగం) గంధకంలో ఐసోటోప్ విలువ, అంటే బరువైన, తేలికైన గంధకం పాళ్ల తేడా, సున్నాకి దగ్గరగా ఉంటుంది, నోరిల్స్క్ ఖనిజంలో అది +10 ప్రాంతంలో ఉంది. గంధకం బయటిదని దాంతోనే తెలిసిపోతుంది.

ఏం చేయాలి: సల్ఫైడ్‌లోని నికెల్‌ను మాత్రమే కరిగించే పరీక్ష, దాంతోపాటు గంధకం శాతం అడగండి. తర్వాత చుట్టూ ఉన్న రాయి చూడండి. పైరైట్ (ఇనుము సల్ఫైడ్) ఉన్న నల్ల షేల్ (బురద గట్టిపడిన రాయి), అన్‌హైడ్రైట్, సల్ఫైడ్ ఉన్న నైస్ (వేడికి, ఒత్తిడికి మారిన చారల రాయి) అయితే ఆశ ఉంది. హైదరాబాద్, మహబూబ్‌నగర్ వైపు గ్రానైట్‌ని చీల్చుకొచ్చిన డోలరైట్ డైకుల (గోడల్లాంటి నల్లరాతి పలకల) సంగతి వేరు. ఇవ్వడానికి ఆ గ్రానైట్ దగ్గర గంధకమే పెద్దగా లేదు.

సమస్య 2: ఆలివిన్‌లో నికెల్ ఉండాల్సినంత లేదు, సల్ఫైడూ లేదు

ఇది నిజానికి శుభవార్త. ఆ నికెల్‌ను ఎవరో తీసుకున్నారు, ఆ ఎవరో చాలాసార్లు సల్ఫైడే. బరువు కాబట్టి అది కిందికి దిగి, మాగ్మా వచ్చిన దారి వెడల్పయ్యే చోట పేరుకుంటుంది. కెనడాలోని లాబ్రడార్‌లో 1993లో వజ్రాల వేటలో ఉన్నవాళ్ల కంటపడిన వోయిసీస్ బే ఇలాంటిదే. ఓవాయిడ్ అనే ఒక్క ముద్దలోనే దాదాపు 3 కోట్ల టన్నుల ఖనిజం, అందులో నికెల్ 2.8 శాతం దాకా.

ఏం చేయాలి: పెద్ద గాబ్రో నడిమధ్యన బోర్లు వేయడం ఆపి, మాగ్మా వచ్చిన సన్నటి దారి పట్టుకోండి. కరెంటు ప్రవహించే సల్ఫైడ్‌ను పట్టే విద్యుదయస్కాంత సర్వే చేయించండి. కానీ గ్రాఫైట్ కూడా కరెంటును బాగానే ప్రవహింపజేస్తుంది, గ్రాఫైట్ నైస్‌ని నికెల్ అనుకుని తవ్వుకున్నవాళ్లు తక్కువేం కాదు.

సమస్య 3: సల్ఫైడ్ ఉంది, గ్రేడ్ (లోహం శాతం) లేదు

బోరులోంచి తీసిన కోర్ ముక్కను తడిపి లెన్స్ పెడితే ఆలివిన్ గింజల సందుల్లో కంచు రంగు పైరోటైట్ అనే ఇనుము సల్ఫైడ్, దాని అంచున ఇత్తడి పసుపులో చాల్కోపైరైట్ అనే రాగి సల్ఫైడ్. చూడముచ్చటగా ఉంటుంది. అస్సే (ల్యాబ్ లోహ పరీక్ష) మాత్రం నికెల్ 0.2 శాతం అంటుంది.

పెట్టె మూసేయకముందు ఒక చిన్న లెక్క వేయండి. పైరోటైట్ ఎక్కువున్న సల్ఫైడ్‌లో గంధకం సుమారు 37 శాతం. రాతిలో గంధకం 1 శాతమైతే సల్ఫైడ్ 2.7 శాతం. ఆలివిన్ వాటా తీసేశాక కూడా నికెల్ 0.2 మిగిలితే, ఆ సల్ఫైడ్‌లో నికెల్ 7 శాతం పైమాటే. సరుకు మంచిది, పరిమాణమే చాల్లేదు. పేరుకున్న చోటు వెతకాలి. అదే గంధకం 5 శాతం ఉంటే సల్ఫైడ్‌లో నికెల్ ఒకటిన్నర శాతమే. ఆ బొట్లకు తగినంత కొత్త మాగ్మా తగల్లేదు, కవ్వం నాలుగు తిప్పులు తిరిగి ఆగిపోయింది. అక్కడ సల్ఫైడ్ ఎంత దొరికినా నేనైతే డబ్బు పెట్టను.

సమస్య 4: కనుచూపు మేర గ్రానైట్, రాగి జాడ లేదు

రాగికి లెక్క తిరగబడుతుంది. నికెల్‌కి సల్ఫైడ్ విడిపోవాలి. పోర్ఫిరీ రాగికైతే, అంటే మాగ్మా నుంచి వచ్చిన వేడి నీళ్లు రాతి పగుళ్లలో పరిచిన రాగికైతే, అది లోతులోనే విడిపోయి రాగిని అక్కడే పట్టేసుకోకూడదు. మాగ్మాలో నీళ్లు సమృద్ధిగా ఉండాలి, ఆక్సీకరణ స్థితీ ఎక్కువుండాలి. గ్రానైట్లను మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం), ఇల్మనైట్ (ఇనుము, టైటానియం ఖనిజం) వర్గాలుగా జపాన్ భూగర్భ శాస్త్రవేత్త ఇషిహారా 1977లో విడదీసింది ఈ తేడాతోనే. రాగి ఎక్కువగా మొదటిదాని వైపు, తగరం రెండోదాని వైపు.

ఇంకో కారణం కోత. పోర్ఫిరీలు సాధారణంగా కొద్ది కిలోమీటర్ల లోతులోనే ఏర్పడతాయి. హైదరాబాద్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, అలాంటివి పైన ఉండుంటే ఎప్పుడో కొట్టుకుపోయేవి. అలాగని వయసు మీదే నెపం నెట్టకండి. మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్‌లో ఇంచుమించు ఆ వయసు గ్రానైటాయిడ్‌లోనే రాగి గని నడుస్తోంది.

ఏం చేయాలి: మాగ్నెటిక్ ససెప్టిబిలిటీ మీటర్ (రాయి అయస్కాంత గుణాన్ని కొలిచేది) పట్టుకుని తిరగండి, అది లేకపోతే దారానికి కట్టిన అయస్కాంతమైనా సరే. స్ట్రాన్షియం-ఇట్రియం నిష్పత్తి బాగా ఎక్కువుంటే మాగ్మాలో నీళ్లున్నట్టు సూచన. సన్నటి క్వార్ట్జ్ ఈనెలు వలలా అల్లుకున్న చోటు కనిపిస్తే అక్కడే ఆగండి.

సమస్య 5: కింబర్లైట్ దొరికింది, వజ్రం లేదు

అనంతపురం జిల్లా వజ్రకరూరు పైపుల్లో, అంటే లోతు నుంచి గొట్టంలా పైకి దూసుకొచ్చిన కింబర్లైట్ రాతిలో, వజ్రాలున్నాయి. ఇంచుమించు అదే కాలానికి, అంటే 110 కోట్ల ఏళ్ల కిందటికి చెందిన నారాయణపేట కింబర్లైట్లలో దాదాపు లేవు. కింబర్లైట్ వజ్రాన్ని తయారుచేయదు, అది బస్సు మాత్రమే. 150 కిలోమీటర్ల కింద స్టాపులో ఎక్కేవాళ్లు లేకపోతే ఖాళీగానే వస్తుంది. టన్నులకొద్దీ రాయి కడిగే ముందు వాగు ఇసుకలో ఊదా రంగు పైరోప్ గార్నెట్లను ఏరి ల్యాబ్‌కి పంపండి. క్రోమియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న గింజలు తగిలితేనే బల్క్ శాంపిల్‌కి (టన్నులకొద్దీ నమూనాకి) లారీ మాట్లాడండి.