సాస్ తగిలినా మెత్తబడని చైనీస్ టేకౌట్ చికెన్: నా అనుభవం

అమెరికాలో చైనీస్ టేకౌట్ డబ్బాలో వచ్చే జనరల్ త్సో చికెన్ (తీపి, పులుపు, కారం కలిసిన సాస్ పట్టించిన చికెన్ వేపుడు) ఇంటికి తెచ్చాక కూడా కాసేపు కరకరలాడుతుంది, అదే ఇంట్లో చేస్తే సాస్ తగలగానే పైపొర తడిసి ఊడిపోతుంది. మైదా, బ్రెడ్ పొడి, ఎయిర్ ఫ్రయర్, ఒకేసారి ఎక్కువసేపు వేయించడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. అర కిలో ఎముకల్లేని తొడ మాంసం ముక్కలకి రెండు చెంచాల సోయా సాస్, ఒక గుడ్డు తెల్లసొన, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ పట్టించి అరగంట ఉంచాలి. తర్వాత అర చెంచా బేకింగ్ పౌడర్ కలిపిన కప్పు కార్న్‌ఫ్లోర్‌లో ఒక్కో ముక్కనీ గట్టిగా నొక్కి దొర్లించాలి, పైన గరుగ్గా, ఉండలుండలుగా కనిపించాలి, తర్వాత కరకరలాడేవి అవే. పొడిపిండి తడి పీల్చుకునేదాకా పది నిమిషాలు ఆగండి. ఇది మాత్రం వదలొద్దు, లేదంటే పిండి అంతా నూనెలో రాలిపోతుంది.

160 డిగ్రీల సెల్సియస్ నూనెలో కొన్ని కొన్నిగా నాలుగు నిమిషాలు వేయించి, జాలీ మీదకి తీసి ఐదు నిమిషాలు వదిలేయాలి. ఈలోపు లోపలి తేమ పైపొరలోకి వస్తుంది, రెండోసారి 190 దగ్గర నిమిషంన్నర వేయిస్తే అదీ పోతుంది. బుడగల చప్పుడు తగ్గి, గరిటెతో కదిపితే ముక్కలు గలగలమంటే అయినట్టే.

సోయా, వెనిగర్, పంచదార, అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి సాస్ వేరే మూకుడులో గరిటెకి అంటుకునేంత చిక్కబడ్డాక, స్టవ్ ఆపేసి ముక్కలు వేసి గబగబా తిప్పడమే. సాస్ పల్చగా ఉంటే ఇంత కష్టమూ వృథా.

నాది మందపాటి ఇనుప మూకుడు. పల్చటి దాంట్లో నూనె త్వరగా చల్లారుతుంది, ముక్కలు తగ్గించుకోవాలేమో. బ్రెస్ట్ పీసులతో చేసి చూడలేదు.