స్టాండప్ జెట్ స్కీకి సొంత ఫైబర్ బాడీ: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

నిలబడి నడిపే పాత జెట్ స్కీ ఒకటి తుక్కు ధరకు దొరికింది. ఇంజన్, పంపు బాగానే ఉన్నాయి, బాడీ మాత్రం అడుగున నిలువునా చీలిపోయింది. అతుకులేయడం కన్నా కొత్త బాడీ కట్టడమే నయమనుకుని చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాను. మొదటి బాడీని చివరికి కోసి పారేశాను. రెండోది తిరుగుతోంది. మధ్యలో పడ్డ తంటాలివి. ఈ ఊరి గాలిలో ఫైబర్ పని చేసేవాళ్లకి వీటిలో సగమైనా తప్పవు.

ముందొక మాట. నీళ్ల మీద బయటపడే తప్పు షెడ్డులో ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. అందుకని ఏ పొర ఏ రోజు, ఎన్ని గంటలకు వేశారో, ఎంత రెజిన్‌కి (ఫైబర్‌కు పట్టించే జిగురు ద్రవం) ఎంత కేటలిస్ట్ (దాన్ని గడ్డకట్టించే మందు) కలిపారో, ఆ పూట ఎండో వానో మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి మోల్డు (అచ్చు) అంచుకు అంటించండి. మొదటిసారి నేను ఆ పని చేయలేదు.

జెల్‌కోట్ ముడతలు పడింది

మోల్డులో జెల్‌కోట్, అంటే బాడీకి బయటివైపు వచ్చే నున్నటి పొర, వేశాం, అద్దంలా ఉంది. దాని మీద మ్యాట్ (గాజు పోగుల చాప) పరిచి రెజిన్ పట్టించాం. మర్నాడు విప్పి చూస్తే ముక్కు భాగమంతా కాగిన పాల మీద మీగడ ముడుచుకున్నట్టుంది. కాసిమేడు చేపల రేవులో ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రి ఒకాయన్ని పిలిపించాను. మాది నెల్లూరని తెలిశాక తెలుగులోకి దిగిపోయాడు. గోటితో గీకి చూసి, "కోటు పల్చనయింది తమ్ముడూ. మీద పోసిన రెజిన్ దాన్ని నానబెట్టేసింది" అన్నాడు.

జరిగింది అదే. పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. కింద జెల్‌కోట్ పల్చగా ఉన్నా, సరిగ్గా గట్టిపడకపోయినా స్టైరీన్ లోపలికి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బినది ఎటూ సాగలేక ముడుచుకుంటుంది. బ్రష్షుతో వేస్తే మూలల్లో మందంగా చేరి, ఎత్తుగా ఉన్నచోట పల్చబడుతుంది.

మందం 0.5 మి.మీ. దగ్గర ఉండాలి. తడి పొర మందం కొలిచే దువ్వెన లేకపోతే తూకం చాలు: చదరపు మీటరుకు సుమారు 600 గ్రాములు పట్టాలి. అంతకన్నా బాగా తక్కువ ఖర్చయిందంటే మిగిల్చామని సంతోషించకండి, ఎక్కడో పల్చబడిందని అర్థం. వేలు ఆనిస్తే జిగటగా తగలాలి, వేలికి మాత్రం అంటకూడదు. మ్యాట్ వేయాల్సింది అప్పుడు.

ముడత మ్యాట్ వేయకముందే కనిపిస్తే మొహమాటపడకుండా గీకేసి మళ్లీ వేయండి. బాడీ బయటికొచ్చాక కనిపిస్తే ఆ మేర ఉప్పుకాగితంతో గట్టి పొర తగిలేదాకా రుద్ది, జెల్‌కోట్ పుట్టీ నింపి, 400 నంబరుతో మొదలుపెట్టి 1000 దాకా వాటర్ పేపర్ పట్టాలి.

రెండు రోజులైనా జిగట పోలేదు

ముందు గోరు గుచ్చి చూడండి. పైన జిగటగా ఉండి కింద రాయిలా ఉంటే భయం లేదు. గాలి తగిలే చోట పాలిస్టర్ పైపొర ఆరదు, తర్వాతి పొర నేరుగా దాని మీదే వేసుకోవచ్చు. చివరి పొరలో మాత్రం వ్యాక్స్ కలిపిన రెజిన్ వాడాలి.

గోరు దిగిందంటే కేటలిస్ట్ తక్కువైంది, లేదా సరిగ్గా కలవలేదు. పాలిస్టర్‌కి వాడే కేటలిస్ట్ ఎంఈకేపీ మామూలుగా 1 నుంచి 2 శాతం, అంటే కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. అగ్ని నక్షత్రం (మే నెల) ఎండల్లో మగ్గులోనే గడ్డకట్టేస్తోందని నేను దాన్ని అర శాతానికి దించాను. అలా దించితే నిదానంగా ఆరడం కాదు, ఎప్పటికీ పూర్తిగా ఆరదు. కొద్దికొద్దిగా కలుపుకోండి, వెడల్పు ట్రేలో పోసుకోండి, తెల్లవారుజామున పని పెట్టుకోండి. మెత్తగా మిగిలిన పొరను హీట్ ల్యాంపుతో వేడిచేసి చూడవచ్చు. అప్పటికీ గోరు దిగితే గీకేయడమే.

ఎపాక్సీ (ఇంకో రకం రెజిన్) అయితే కథ వేరు. హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే రెండో డబ్బా) ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, డబ్బా మీది పాళ్లే పాళ్లు. వాన రోజుల్లో ఆరిన ఎపాక్సీ మీద సబ్బు రాసినట్టు జారే పొర వస్తుంది. దాన్ని ముందే రుద్దకండి, ఉప్పుకాగితానికి పట్టుకుని ఇంకా లోపలికి పోతుంది. నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడిగి, తుడిచి, ఆ తర్వాత రుద్దాలి.

కేటలిస్ట్ కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకండి. కోబాల్ట్‌ను (రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే మందు), ఎంఈకేపీని నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదు, మంటలు లేస్తాయి. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

తట్టితే బోలు శబ్దం

ఐదు రూపాయల బిళ్లతో అడుగంతా తట్టండి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, పొర విడిన చోట చప్పగా మోగుతుంది. రోలర్ కింద గాలి మిగిలిపోయినా, తడి పీల్చిన మ్యాట్ వాడినా, నాలుగు రోజులు ఆరిన పొర మీద రుద్దకుండా కొత్తది వేసినా ఇంతే. సూదితో రెజిన్ ఎక్కించడం డెక్ మీద చిన్న మచ్చకు పనికొస్తుందేమో, అలలు గుద్దే అడుగుకు నేను నమ్మను. విడిన భాగం కోసి, అంచు ఏటవాలుగా అరగదీసి, పొరలు మళ్లీ కట్టాలి. వాలు మందానికి 12 రెట్లు, అంటే 5 మి.మీ. మందానికి 60 మి.మీ.

లోపల థర్మోకోల్ పెట్టి పైన పాలిస్టర్ పోస్తే పొర విడవడం అటుంచి, థర్మోకోలే కరిగిపోతుంది. దాని మీద ఎపాక్సీ, లేదంటే పీవీసీ ఫోమ్ కొనుక్కోండి.

లోపలికి నీళ్లు

బాడీని స్టాండు మీద పెట్టి లోపలే నీళ్లు పోసి బయటినుంచి చూడండి. నాకు పంపు బోల్టు రంధ్రాల దగ్గర కారింది. రంధ్రం పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ తొలిచి సీలెంట్ పెట్టాను. కార్బన్ ఫైబర్ బాడీ అయితే అల్యూమినియం తగిలే చోట మధ్యన గాజు ఫైబర్ పొర ఉండాలి. లేకపోతే ఉప్పునీళ్లలో అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది.

ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు

పంపు నీళ్లతోపాటు గాలి పీలుస్తోంది. నీళ్లు తీసుకునే జాలీ చుట్టూ, పంపుకూ బాడీకీ మధ్య సందులు వెతికి సీలెంట్‌తో మూయండి. దాంతోపాటు వణుకు కూడా ఉంటే కప్లింగ్ (ఇంజన్‌నూ పంపు షాఫ్టునూ కలిపే ముక్క) కింద చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే ఇంజన్, పంపు ఒకే గీతలో లేవు. ముందు పంపు బిగించి, దాని షాఫ్టుకు తగ్గట్టు ఇంజన్ కింద షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) పెట్టాలి గానీ ఇంజన్ బిగించి పంపును లాక్కోకూడదు.

స్పీడులో ముక్కు ఎగిరెగిరి పడుతోంది

నా మొదటి బాడీ ప్రాణం తీసింది ఇదే. రైడ్ ప్లేటు (పంపు కింద బిగించే పలక) మార్చాను, బరువు వెనక్కి ముందుకి జరిపాను, లాభం లేదు. చివరికి బాడీ తిరగేసి వెనక భాగంలో మీటరు పొడవు అల్యూమినియం స్కేలు ఆనించాను. మధ్యలో ఆనింది, రెండు చివర్లా 6 మి.మీ. వెలుతురు. అడుగు ఉబ్బి ఉంటే ముక్కు ఎగురుతుంది, గుంటపడితే ముక్కు కిందికి దిగుతుంది. ఒకటి రెండు మి.మీ. అయితే పుట్టీ, గాజు ఫైబర్ వేసి సమం చేయవచ్చు. ఆరు అంటే బాడీయే వంగిందని లెక్క.

ఎలా వంగిందో తర్వాత మా తమ్ముడు గుర్తుచేశాడు. మోల్డు ఖాళీ కావాలన్న తొందరలో మర్నాడే బయటికి తీసి, రెండు పాత టైర్ల మీద పెట్టి, ఎండలో వదిలి భోజనానికి వెళ్లాం. ఎంతసేపు ఉందో, అప్పటికి ఎంత ఆరిందో చెప్పే టేపు ముక్క లేదు. రెండో బాడీని వారం మోల్డులోనే ఉంచి, స్కేలు ఆనించి చూసుకున్నాకే బయటికి తీశాను.