వంశధార వెంట ఇద్దరూ ఒక రోజు: శ్రీకాకుళంలో వసంతపు విహారం ఎలా చేయాలి?

ఫాల్గుణ మాసం సగం దాటాక శ్రీకాకుళం ఎండ రోజంతా ఒక్కలా ఉండదు. పొద్దున పది దాకా హాయిగా ఒంటికి తగులుతుంది. పదకొండు నుంచి మూడున్నర దాకా నడినెత్తిన కాస్తుంది. నాలుగు దాటిందంటే సముద్రం మీది గాలి ఊళ్లోకి వస్తుంది. భార్యాభర్తలు సరదాగా బయటకు వెళ్లాలనుకున్నప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది రెండో మాట. ఎండలోని ఈ మూడు భాగాలను బట్టి రోజును పంచుకోవడం మొదటి మాట.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. మా పెళ్లయిన మొదటి ఏడాది మార్చిలో ఒకే రోజున అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, కళింగపట్నం నాలుగూ చూసేయాలని బయలుదేరాం. ముఖలింగం చేరేసరికి ఒంటి గంట. గుడి తలుపులు మూసేశారు. ప్రాంగణంలో రాళ్లు కాలిపోతుంటే ఒక్కో అడుగూ గెంతుతూ వేశాం. నా అరికాళ్లకు బొబ్బలెక్కాయి. మా ఆయన ‘ముందే చెప్పాను కదా’ అన్నారు, నేను ‘మీరు చెప్పలేదు’ అన్నాను. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. మరుసటి ఏడాది నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాం: పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం నీడ, సాయంత్రం నీళ్ల దగ్గర. ఆ నియమం మీద నిలబడ్డ రోజు ఇది. పొద్దునా సాయంత్రమూ ఈ రోజుకు తోడుండే నది పేరు వంశధార.

1. ముందు పంచాంగం చూడండి

వారం కంటే తిథి ముఖ్యం. వీలైతే ఫాల్గుణ పౌర్ణమి గానీ, చైత్ర పౌర్ణమి గానీ ఎంచుకోండి. ఎందుకంటే మన తీరం తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమించడు. ఆ దృశ్యం కోసం కళింగపట్నం వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగి, భూమి వైపు చూసి నిరాశపడతారు. పౌర్ణమి నాడు మాత్రం సూర్యుడు వెనుక దిగుతుండగానే ఎదురుగా సముద్రంలోంచి చంద్రుడు పైకి వస్తాడు. మార్చి నడిమిలో సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో అవుతుంది, చంద్రోదయమూ దాదాపు అప్పుడే. పౌర్ణమి మర్నాడు వెళితే చంద్రుడు ముప్పావు గంట ఆలస్యంగా, చీకటి పడ్డాక వస్తాడు. అదీ బాగుంటుంది గానీ ఆకాశంలో రెండు వెలుగులూ కలిసే ఆ కాసేపు దొరకదు.

ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో డోలోత్సవం జరుగుతుంది కాబట్టి అటువైపు దారులన్నీ జనంతో నిండి ఉంటాయి. ఉత్సవం చూడాలనుకుంటే ఆ రోజు పూర్తిగా దానికే ఇవ్వండి. నది వెంట వెళ్లే రోజును చైత్ర పౌర్ణమికి మార్చుకోండి.

పిల్లలున్నవాళ్లకు ఒక మాట. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నానికే పిల్లలు ఇంటికి వచ్చేస్తారు. అమ్మమ్మకో నాన్నమ్మకో ముందు రోజే చెప్పి, మధ్యాహ్నం భోజనం ఏమిటో కూడా మాట్లాడుకుని బయలుదేరండి. దారిలో ప్రతి అరగంటకూ ఫోను మోగితే అది విహారం కాదు.

2. సంచిలో ఏం పెట్టుకోవాలి?

నీళ్లు మీరు అనుకున్నదానికి రెట్టింపు. ఒక స్టీలు క్యానులో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. ఆవ పెట్టిన పులిహోర ఈ ఎండకు పాడవదు, మధ్యాహ్నానికి ఇంకా రుచెక్కుతుంది. పెరుగన్నం అయితే పొద్దున పాలు ఎక్కువగా, పెరుగు ఒక్క చెంచా వేసి కలపండి, తినే వేళకు తోడుకుని పుల్లబడకుండా ఉంటుంది. టోపీ, గొడుగు, కూర్చోవడానికి ఒక పాత దుప్పటి. వీటన్నిటికంటే ముఖ్యం, ఇద్దరికీ దళసరి నూలు మేజోళ్లు. గుడిలో చెప్పులు విప్పాక అవి చేసే మేలు ఇంతా అంతా కాదు. మేజోళ్లతో లోపలికి రానివ్వని చోట విప్పేయండి, కానీ ప్రాంగణం దాటే దాకా కాళ్లు బతుకుతాయి.

3. పొద్దున: శ్రీముఖలింగం

శ్రీకాకుళం నుంచి సుమారు 46 కిలోమీటర్లు. ఆరింటికల్లా ఇల్లు వదలండి. జాతీయ రహదారి మీద నరసన్నపేట వైపు వెళ్లి, మడపాం దగ్గర వంశధార వంతెన దాటేటప్పుడు బండి నెమ్మది చేయండి. ఈ కాలంలో నీరు సన్నబడి, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతుంది. సాయంత్రం ఈ నదినే సముద్రంలో కలిసే చోట మళ్లీ చూస్తారు కాబట్టి ఇప్పుడొకసారి గుర్తుపెట్టుకోండి. బండిని మాత్రం వంతెన మీద ఆపవద్దు, ఆ దారిలో లారీలు ఎక్కువ.

జలుమూరు మండలంలో, నదికి ఎడమ గట్టున ఉన్న ఈ ఊరే తూర్పు గంగరాజుల కళింగనగరమని చరిత్రకారుల మాట. పూరీ జగన్నాథాలయ నిర్మాణంతో ముడిపడిన అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చక ముందు ఇక్కడి నుంచే పాలించాడు. ఇప్పుడు చుట్టూ పొలాలు, పెంకుటిళ్లు, మధ్యలో మూడు గుళ్లు: మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు.

మధుకేశ్వరుడికి ఆ పేరు ఇప్ప చెట్టు వల్ల వచ్చింది. సంస్కృతంలో ఇప్పను మధుకం అంటారు. ఇక్కడి లింగం ఇప్ప చెట్టు మోడులోంచి వెలిసిందని స్థలపురాణం. మార్చి, ఏప్రిల్ ఇప్పపూల కాలం కావడం వల్ల నాకు ఈ గుడి వసంతంలోనే చూడాలనిపిస్తుంది. గర్భగుడిలో స్వామి వెనుక ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. సంతానం కోసం మొక్కుకున్న ఒక కుమ్మరి దాన్ని సమర్పించాడని చెప్పుకుంటారు. చేసినది మట్టితోనే అయినా అది ఇన్నాళ్లూ స్వామి పక్కనే ఉంది. రాజుల శిల్పాల మధ్య ఆ గోలెం ముందు నేను ఎక్కువ సేపు నిలబడతాను.

దర్శనం అయ్యాక వెంటనే బయటకు రాకండి. ద్వారబంధాల మీది లతలు, గోడల మీది బొమ్మలు పొద్దుటి ఏటవాలు వెలుగులోనే స్పష్టంగా కనిపిస్తాయి. తొమ్మిది దాటాక నీడలు పోయి రాయి చదునుగా అయిపోతుంది. మేమిద్దరం ఒక ఆట ఆడుకుంటాం: ఒకరు ఒక గోడ, మరొకరు ఇంకో గోడ తీసుకుని, తమకు అన్నిటికంటే నచ్చిన బొమ్మను వెతికి, రెండోవాళ్లను పిలిచి చూపించాలి. ఎందుకు నచ్చిందో చెప్పాలి. పదేళ్ల కాపురం తర్వాత కూడా మా ఆయన ఏ బొమ్మ దగ్గర ఆగుతారో నేను ఒక్కసారీ ముందుగా చెప్పలేకపోయాను. సోమేశ్వరాలయం ఊరి మొదట్లోనే ఉంటుంది, చిన్నదని దాటేయకండి. శిల్పం చూడటానికి నాకు మూడింటిలో అదే ఇష్టం.

పదిన్నరకు తిరుగు ప్రయాణం. ఇది మాత్రం కచ్చితంగా పాటించండి.

4. మధ్యాహ్నం: నీడలో

పదకొండు నుంచి మూడున్నర దాకా ఏదీ చూడవద్దు. శ్రీకాకుళం ఊళ్లోకి వచ్చేసి ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో, బస చేసిన చోటో భోజనం చేసి ఒక కునుకు తీయండి. బయటి ఊరి నుంచి వచ్చి లాడ్జిలో గది తీసుకునేవాళ్లు ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. చెట్టు కింద తినాలనుకుంటే దారిలో మామిడి తోటల వాళ్లను అడిగి కూర్చోండి. అడిగితే కాదనేవాళ్లు అరుదు, అడగకుండా కూర్చుంటే వాళ్లు నొచ్చుకోవడంలో న్యాయముంది.

5. సాయంత్రం: శాలిహుండం, ఆ తర్వాత సముద్రం

మూడున్నరకు గార వైపు రోడ్డు పట్టుకోండి. శాలిహుండం కొండ వంశధార కుడి గట్టున, కళింగపట్నానికి 5 కిలోమీటర్లు పడమరగా ఉంటుంది. కొండ అంటే గుట్ట లాంటిదే, మెట్ల మీదుగా నిదానంగా ఎక్కితే ఆయాసం రాదు. ఇది పాత బౌద్ధ క్షేత్రం, పైన గుండ్రని ఇటుక స్తూపాలు, చైత్యాల (ప్రార్థనా మందిరాల) పునాదులు వరసగా కనిపిస్తాయి. ఇక్కడ దొరికిన తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు ఇక్కడి బౌద్ధం తాంత్రిక శాఖ అయిన వజ్రయాన కాలం దాకా సాగిందని చెబుతాయి. ఈ చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి పంతులు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. బడిలో మాకు వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగును చెప్పారు గానీ ఈ గుట్ట ఎక్కిన గిడుగును చెప్పలేదు. నేను ఇద్దరినీ ఒకే మనిషిగా చూసింది ఇక్కడికి వచ్చాకే.

పై నుంచి నది కనిపించే వైపు తిరిగి కూర్చోండి. పొద్దున వంతెన మీద చూసిన పాయలు ఇక్కడ ఒకటై, వెడల్పుగా, సముద్రం వైపు సాగిపోతుంటాయి. మజ్జిగ క్యాను తీయవలసింది ఇక్కడే. ఇటుకల మీద ఎక్కడం, పేర్లు గీయడం చేయకండి. ప్రేమకు గుర్తు కావాలంటే ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద ఆ దృశ్యం గీసుకోండి, ఎంత వంకరగా వచ్చినా దాచుకోవచ్చు. ఐదు దాటకముందే దిగండి.

కళింగపట్నంలో లైట్‌హౌసు దూరం నుంచే కనిపిస్తుంది. ఒకప్పుడు పడవల రాకపోకలతో సందడిగా ఉన్న రేవు ఇది. ఇప్పుడు చేపల పడవలు, సరుగుడు తోపులు, తీరం పొడవునా గాలి. తోటల పక్కగా నడిస్తే జీడిమామిడి పూత వాసన వస్తుంది. వాసన పెట్టి ఊరు గుర్తుపట్టమంటే నేను మా జిల్లాను ఈ వాసనతోనే గుర్తుపడతాను.

నీళ్లలో పాదాలు తడుపుకోండి, అంతకు మించి దిగవద్దు. నది సముద్రంలో కలిసే చోట అడుగు ప్రవాహం బలంగా లాగుతుంది, ఇసుక ఒక్కసారిగా లోతవుతుంది. ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట. ఫోటో కోసం అలలకు వీపు చేసి నిలబడటం కూడా మానండి.

ఇక ఆరింటికి దుప్పటి పరుచుకుని తూర్పు వైపు చూస్తూ కూర్చోవడమే. చంద్రుడు మొదట ఎర్రటి మసక ముక్కలా వస్తాడు, చాలామంది అది పడవ దీపం అనుకుంటారు. కాస్త పైకి వచ్చాక పసుపు రంగు, ఆ తర్వాత నీటి మీద దారి. ఆ అరగంట ఫోన్లు సంచిలో పెట్టేయండి. ఏడు దాటేలోగా బండి దగ్గరకు చేరండి. తోపుల లోపలికి, జనం లేని తిన్నెల వైపు చీకటిలో వెళ్లవద్దు. బస్సులో వచ్చినవాళ్లు ఊళ్లో దిగిన వెంటనే చివరి బస్సు ఎప్పుడో కండక్టరును అడిగి పెట్టుకోవాలి.

6. ఇంకో రోజు దొరికితే

చేతిపని ఇష్టమైన జంటకు పొందూరు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను నుంచి రైల్లో కొద్దిసేపే. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడికే పని ఇప్పటికీ ఇక్కడ ఇళ్లలో జరుగుతుంది. ఆ పళ్ల మధ్య నుంచి పత్తి ఎలా శుభ్రమై వస్తుందో ఒక్కసారి చూస్తే బట్ట ధర ఎందుకంతో ఎవరూ చెప్పనక్కరలేదు. ఉగాదికి ఒకరికొకరు బట్టలు కొనిపెట్టుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. పని చేసేవాళ్ల ఇళ్లలోకి అనుమతి అడిగే వెళ్లండి, ఆదివారం వెళ్లవద్దు.

అరసవల్లికీ ఆదివారం వద్దనే నా సలహా, అది సూర్యుడి వారం కాబట్టి నిలబడటానికి చోటుండదు. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో తొలి కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి, మబ్బు లేకపోతేనే. మామూలు వారంలో తెల్లవారుజామున అరసవల్లి చూసుకుని, అటునుంచి శ్రీకూర్మం వెళ్లి, అక్కడ గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్లకు ఆకుకూర పెట్టి రావడం ఒక పూట పని.

పక్షులు కావాలంటే టెక్కలి దగ్గరి తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వాటి రాకను ఊరివాళ్లు శుభంగా భావిస్తారు, కొట్టనివ్వరు. గట్టిగా మాట్లాడకుండా, చెట్లకు దూరంగా నిలబడి బైనాక్యులర్‌తో చూడండి. వేసవి ముదిరేకొద్దీ పిల్లలు ఎగరడం నేర్చి, గుంపులు వెళ్లిపోతాయి. అందుకే మార్చిలో రెండు రోజులే సెలవు దొరికితే, ముందు రోజు పక్షులకు ఇచ్చి, రెండో రోజు నదికి ఇవ్వండి.