సరౌండ్ ఆన్ చేసినా తేడా తెలియట్లేదా? డాక్‌ని తిట్టుకునే ముందు ఇవి చూడండి

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. పోర్టబుల్ హెడ్‌ఫోన్ డాక్‌లు (ఫోన్, కంప్యూటర్‌లోని డిజిటల్ శబ్దాన్ని హెడ్‌ఫోన్‌కి అందేలా మార్చే చిన్న పెట్టెలు) వాడేవాళ్లలో చాలామంది క్రాస్‌ఓవర్ అన్నా క్రాస్‌ఫీడ్ అన్నా ఒకటే అనుకుంటారు. క్రాస్‌ఓవర్ అంటే ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గీత గీసి కింది శబ్దాన్నీ పై శబ్దాన్నీ విడదీయడం. క్రాస్‌ఫీడ్ అంటే ఎడమ ఛానెల్ శబ్దాన్ని కాస్త కుడి చెవికీ, కుడిదాన్ని కాస్త ఎడమ చెవికీ పంపడం. సౌండ్ బ్లాస్టర్ ఈ5 లాంటి డాక్‌లలో సరౌండ్‌తో (శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు చేసే ఎఫెక్ట్) పాటు బేస్ కింద క్రాస్‌ఓవర్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. మోజో 2 అనే డాక్‌లో ఉండేది క్రాస్‌ఫీడ్. మీ దాంట్లో ఏది ఉందో చూసుకుని మొదలుపెట్టండి.

పాటలు పెట్టి టెస్ట్ చేస్తే ఏమీ తేలదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఒక 5.1 ఫైల్ (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ కలిపి ఆరు ఛానెళ్లు) చేసుకోండి. నేను మా అమ్మాయి చేత "ఎడమ ముందు", "కుడి ముందు", "మధ్య", "ఎడమ వెనక", "కుడి వెనక" అని చెప్పించి, ఒక్కో మాటను దాని ఛానెల్‌లో పెట్టాను. నాలుగోది సబ్‌వూఫర్ ఛానెల్ కాబట్టి అక్కడ మాటకు బదులు 50 హెర్ట్జ్ హమ్. దీనితో పాటు ఎడమ ఛానెల్‌లో మాత్రమే 300 హెర్ట్జ్ టోన్ ఉన్న స్టీరియో ఫైల్ ఒకటి. ఈ రెండూ ఉంటే పావుగంటలో సంగతి తేలిపోతుంది.

"ఎడమ వెనక" కూడా ముందు నుంచే వినిపిస్తోంది, హమ్ అసలు లేదు

డాక్ దాకా ఆరు ఛానెళ్లు రావడం లేదు. విండోస్ దారిలోనే అన్నిటినీ కలిపి రెండు చేసేసింది. అలా కలిపేటప్పుడు సబ్‌వూఫర్ ఛానెల్‌ని చాలాసార్లు వదిలేస్తారు, హమ్ పోవడానికి కారణం అదే. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో డాక్ పేరు ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి 5.1 గానీ 7.1 గానీ పెట్టండి. తర్వాత వీడియో ప్లేయర్ ఆడియో సెట్టింగ్ కూడా చూడండి, అది విడిగా స్టీరియోలో కూర్చుని ఉంటుంది.

కాన్ఫిగర్‌లో 7.1 కనిపించకపోతే దానికి ఒక లెక్క ఉంది. యూఎస్‌బీ ఫుల్ స్పీడ్‌లో (పేరుకే ఫుల్, నిజానికి పాత నెమ్మది వేగం) నడిచే డాక్‌కి మిల్లీసెకనుకు 1023 బైట్లకు మించి పట్టవు. 7.1కి కావాల్సిన ఎనిమిది ఛానెళ్లు, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ అయితే 768 బైట్లు, సరిపోతుంది. 24 బిట్ అంటే 1152, పట్టదు. బిట్ డెప్త్ 16కి దించి చూడండి. అప్పటికీ స్టీరియో ఒక్కటే కనిపిస్తే మీ డాక్ కంప్యూటర్‌కి రెండు ఛానెళ్ల పరికరంగానే పరిచయం చేసుకుంటోందన్నమాట. అలాంటప్పుడు సరౌండ్ బటన్ చేసేది ఉన్న స్టీరియోని సాగదీయడమే. ఫోన్‌కి తగిలించినప్పుడు కూడా మామూలుగా జరిగేది ఇదే.

అన్నీ సరిగ్గా ఉన్నా "ఎడమ ముందు" మాట తలలోపలే ఉన్నట్టు అనిపించవచ్చు. అది లోపం కాదు. సరౌండ్ అనేది అందరి చెవుల ఆకారమూ ఒకటే అనుకుని వేసిన లెక్క, మీ చెవికి అతకకపోవచ్చు. నాకు పక్కలు, వెనక బాగానే తెలుస్తాయి, ముందు మాత్రం ఇప్పటికీ నుదుటి దగ్గరే ఆగిపోతుంది.

మాటలు బావిలోంచి వస్తున్నట్టు ఉన్నాయి

సరౌండ్ రెండుసార్లు పడుతోంది. విండోస్‌లో స్పేషియల్ సౌండ్ ఆఫ్ చేయండి. గేమ్‌లో హెడ్‌ఫోన్ మోడ్ తీసేసి 7.1 స్పీకర్లు అని పెట్టండి. ఆ పని డాక్ ఒక్కటే చేయాలి.

సరౌండ్ అదిరిపోతోంది, కానీ గాయకుడి గొంతు మాయం

దీనికి నేనే బలయ్యాను. కొత్త డాక్ వచ్చిన రాత్రి సంగీతం గదంతా పరుచుకున్నట్టు ఉంటే, పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందని మురిసిపోయాను. మూడో పాటకి గానీ గాయని ఎక్కడో దూరంగా గొణుగుతోందని తట్టలేదు. సరౌండ్ ఆఫ్ చేసినా అంతే. చూస్తే, డాక్‌కి తొడిగిన లెదర్ పౌచ్ అంచు అడ్డుపడి జాక్ రెండు మిల్లీమీటర్లు బయటే ఉండిపోయింది. రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) అందకపోతే ఎడమ, కుడి మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు రెండు ఛానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. మిగిలేది వాద్యాలు, రివర్బ్ (గదిలో మోగే ప్రతిధ్వని). అది సరౌండ్ అనుకుని మోసపోవడం చాలా తేలిక.

పౌచ్ తీసి జాక్‌ని క్లిక్ అనేదాకా నొక్కండి. అయినా తగ్గకపోతే వైరు మార్చి చూడండి. మైక్ ఉన్న నాలుగు భాగాల పిన్‌ని మూడు భాగాల పిన్ కోసం చేసిన సాకెట్‌కి కలిపే చవక అడాప్టర్లలోనూ ఈ జబ్బు ఉంటుంది.

క్రాస్‌ఫీడ్ ఆన్, ఆఫ్ ఒకేలా ఉన్నాయి

ఏం పాట పెట్టారు? 1950లు, 60ల నాటి మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. రెండు చెవులకీ వెళ్లేది ఒకే శబ్దం, ఇక అటుది ఇటు కలిపినా తేడా ఏముంటుంది? ఆ 300 హెర్ట్జ్ టోన్ పెట్టండి. ఆన్ చేయగానే కుడి చెవిలో సన్నగా వినిపించాలి. అదే టోన్‌ని 5 కిలోహెర్ట్జ్‌కి మారిస్తే కుడివైపు బాగా తగ్గాలి. నిజం స్పీకర్ల ముందు కూర్చున్నా పై ఫ్రీక్వెన్సీలకి మన తలే అడ్డం కదా, క్రాస్‌ఫీడ్ దాన్నే అనుకరిస్తుంది. 1961లో బాయర్ ప్రతిపాదించిన సర్క్యూట్ ఆలోచన ఇదే. బాయర్ పేరుతో వచ్చిన బీఎస్2బీ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలు సెట్టింగ్ 700 హెర్ట్జ్, 4.5 డెసిబెల్స్.

300 హెర్ట్జ్ కూడా దాటకపోతే డాక్ డైరెక్ట్ మోడ్‌లో ఉందేమో చూడండి, అందులో ప్రాసెసింగ్ మొత్తం పక్కకు పోతుంది. క్రాస్‌ఫీడ్ ఆఫ్‌లో ఉన్నా టోన్ రెండు చెవుల్లోనూ సమానంగా వస్తుంటే ఫోన్‌లోనో విండోస్‌లోనో మోనో ఆడియో ఆన్ అయి ఉంటుంది.

బేస్ పెంచితే మగ గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టు

క్రాస్‌ఓవర్ గీత బాగా పైన ఉంది. మగవాళ్ల మాట మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గీత 200 దగ్గర పెడితే డప్పుతో పాటు గొంతూ ఉబ్బుతుంది. 70, 80కి దించండి. బేస్ బాగా పెంచి పగిలిపోతుంటే, ఎన్ని డెసిబెల్స్ పెంచారో అంత మేర ప్రీయాంప్ (ఎఫెక్ట్‌లోకి వెళ్లకముందు ఉండే వాల్యూమ్) తగ్గించండి.

బేస్ అసలు లేదంటే మాత్రం గొడవ వేరే. స్పీకర్ సెటప్‌లో సబ్‌వూఫర్ ఉందని టిక్ ఉండి, క్రాస్‌ఓవర్ కింది శబ్దమంతా లేని సబ్‌వూఫర్‌కి వెళ్లిపోతోంది. హెడ్‌ఫోన్ మోడ్ ఎంచుకోండి.

ఆన్ చేస్తే బాగుంది, నిజమో భ్రమో తెలియట్లేదు

చాలా ఎఫెక్ట్‌లు ఆన్ చేయగానే వాల్యూమ్ కాస్త పెరుగుతుంది, చెవికి గట్టిగా ఉన్నదే బాగున్నట్టు తోస్తుంది. ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ వాల్యూమ్ సమానంగా అనిపించేలా సర్దుకుని, కళ్లు మూసుకుని, బటన్ ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. పదిసార్లలో ఏడుసార్లు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను నేను, క్రాస్‌ఫీడ్ విషయంలో. సరౌండ్ మాత్రం పదికి పది.