పాత పికప్ బండి తలుపుల తుప్పును లోపలి నుంచి బాగు చేసుకునే పద్ధతి

పాత పికప్ బండి తలుపు కింది అంచున రంగు చిన్న బుడగలా ఉబ్బిందంటే, ఆ బుడగ వెనుక రేకు అప్పటికే చాలావరకు తినేసి ఉంటుంది. మా నల్లగొండ వైపు జంగు అని పిలిచే ఈ తుప్పు తలుపు విషయంలో చాలాసార్లు లోపల పుట్టి బయటికి వస్తుంది. అద్దం పక్కన ఉండే రబ్బరు ఎంత కొత్తదైనా వాన నీళ్లు కొన్ని తలుపు లోపలికి దిగుతూనే ఉంటాయి. తయారుచేసిన వాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టే, ఆ నీళ్లు కారిపోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. చలక నేలల ఎర్ర దుమ్ము, గడ్డిపోచలు, ఆకులు కలిసి ఆ రంధ్రాలను మూసేస్తే లోపల బురద పేరుకుంటుంది, ఆ బురద తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. బయటి రేకు అంచును లోపలి ఫ్రేమ్ మీదికి మడిచిన చోట రంగు సరిగా అందదు కాబట్టి తుప్పు ముందుగా అక్కడే మొదలవుతుంది.

ఇంట్లో ఉన్న టాటా మొబైల్ 206 నాకు ఈ పాఠం నేర్పింది. 1988లో మార్కెట్లోకి వచ్చిన ఈ రకం బండి మా దగ్గర ఏళ్ల తరబడి తోట నుంచి బత్తాయి మోసింది. తలుపులకు చిల్లులు పడినప్పుడు ఊళ్లోని ఒక షెడ్డులో బాగు చేయించాము, బండి తళతళలాడుతూ ఇంటికి వచ్చింది, ఒక్క వానాకాలం గడిచేసరికి అవే చోట్ల మళ్లీ ఉబ్బింది. లోపలి అట్ట విప్పి చూస్తే చిల్లుల్లో పాత దినపత్రిక కాగితాన్ని ఉండలు చుట్టి కుక్కి, దాని మీద లప్పం (పుట్టీ) మెత్తి రంగు కొట్టారు. కాగితం నీళ్లు పీల్చుకుని మెత్తగా ముద్దయింది. దాని కింద రెండు దోసిళ్ల ఎర్రమట్టి, అందులో ఎండిన బత్తాయి ఆకులు దొరికాయి. ఆ తలుపులను తర్వాత నేనే విప్పి బాగు చేశాను కనుక, ఏ పని ఏ వరసలో చేయాలో వివరంగా రాస్తున్నాను.

మొదట పరిశీలన చేయాలి. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపు మీద నెమ్మదిగా జరిపితే, రేకు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అనుమానం ఉన్న ప్రతి చోటా స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు మొద్దుబారిన శబ్దం ఇస్తుంది. తర్వాత తలుపు మూసి, అద్దం మీద ఒక చెంబెడు నీళ్లు నెమ్మదిగా పోసి, కింద ఎన్ని చోట్ల నుంచి, ఎంతసేపట్లో కారుతున్నాయో చూడాలి. నీళ్లు బయటికి రాకుండా లోపలే నిలిచిపోతే, మీ తలుపుకు అసలు జబ్బు అదే. చివరగా తలుపు సగం తెరిచి చివరన పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. ఆడుతున్నదంటే కబ్జాల, అంటే తలుపును బండికి పట్టి ఉంచే మడతబందుల, పిన్నులు అరిగాయని అర్థం. వాటిని ముందుగా బాగు చేయకుండా రేకు పని మొదలుపెడితే, వాలిన తలుపుకే కొలతలు సరిపెట్టినట్టవుతుంది, తర్వాత కబ్జా మార్చినప్పుడు సందులు కుదరవు.

కబ్జాలు బిగించే చోట, గడియ కూర్చునే చోట లోపలి ఫ్రేమ్ పొడిపొడిగా రాలుతుంటే ఆ తలుపు మీద శ్రమ పెట్టకుండా గుజిరీలో, అంటే పాత సామాన్ల బజారులో, మంచిది వెతకడం మేలు. తుప్పు కింది నాలుగైదు అంగుళాలకే పరిమితమైతే మాత్రం బండితో పుట్టిన తలుపునే నిలుపుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఆ బండి చట్రానికి అలవాటుపడి ఉంటుంది. ఇంకా పాత జీపులు ఉన్నవారికి మరో కారణం కూడా ఉంది. 50 ఏళ్లు దాటిన, సొంత అవసరానికే వాడే ప్రయాణికుల బండ్లను వింటేజ్‌గా నమోదు చేసే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. ఛాసీ, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేయకుండా బండి అసలు రూపంలో ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు.

తలుపు విప్పే ముందు కబ్జా రేకు చుట్టూ సన్నటి మేకుతో గీత గీసి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు అదే చోటు దొరుకుతుంది. పట్టేసిన బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి, బలవంతంగా తిప్పి తల విరగగొట్టుకోకూడదు. లోపలి అట్ట, పిడి, అద్దం, అద్దాన్ని నడిపే మెషిన్ అన్నీ తీసి పక్కన పెట్టాలి. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దం మీద పడితే గుచ్చుకుని చుక్కలు చుక్కలుగా మిగులుతాయి, అవి ఎంత తుడిచినా పోవు. చిన్న ఇనుప భాగాలను లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక రాత్రంతా నానబెడితే తుప్పు దానంతటదే వదులుతుంది. తీసిన తర్వాత తినే సోడా కలిపిన నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టాలి, తడిగా వదిలేస్తే గంటలోపే మళ్లీ ఎర్రబారుతుంది.

ఇప్పుడు కోత. తినేసిన రేకును చిల్లు మేరకే కోస్తే సరిపోదు. చిల్లు చుట్టూ కనీసం ఒక అంగుళం దాకా, రేకు తెల్లగా మెరిసే చోటు వరకు వెళ్లి అక్కడ కోయాలి. కోత మూలలను గుండ్రంగా ఉంచితే వెల్డింగ్ వేడికి అక్కడ చీలిక రాదు. లోపలి ఫ్రేమ్‌ను గ్రైండర్ కోయకుండా చెయ్యి అదుపులో పెట్టుకోవాలి. మడత అంచును విడదీయడానికి ఆ అంచు చివరను మాత్రమే గ్రైండర్‌తో అరగదీస్తే బయటి రేకు లోపలి ఫ్రేమ్ నుంచి సులువుగా ఊడివస్తుంది. అప్పుడు బయటపడిన ఫ్రేమ్‌ను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూసి, అది నల్లబడి ఆరిన తర్వాత, వెల్డింగ్ వేడికి తట్టుకునే జింక్ ప్రైమర్ వేయాలి. ఈ పనంతా చేసేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. పక్కన బకెట్ నీళ్లు, తడి గోనెసంచి సిద్ధంగా ఉండాలి.

అతుకు కోసం ముందుగా అట్టతో నమూనా కత్తిరించుకోవాలి. పెళ్లి పత్రిక అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది, వంపుకు వంగుతుంది, గీత నిలుస్తుంది. తర్వాత పాత రేకు మందం కొలిచి అదే మందం గల సీఆర్ షీట్ (జింక్ పూత లేని నున్నటి ఉక్కు రేకు) తెచ్చుకోవాలి, సాధారణంగా అది 20 గేజ్, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది. జింక్ పూత ఉన్న జీఐ రేకు చవకగా దొరికినా వెల్డింగ్ చేసే చోట దాని జింక్ పొరను పూర్తిగా అరగదీయాలి, లేకపోతే వచ్చే పొగ ఒంటికి హాని చేస్తుంది. యాంగిల్ ఇనుము అంచు మీద పెట్టి చెక్క సుత్తితో వంచుతూ, పదే పదే తలుపుకు ఆనించి చూస్తూ, సందు ఒక మిల్లీమీటరుకు మించకుండా వచ్చేదాకా ఓపికగా సరిచేయాలి. ఈ దశలో తొందరపడిన ప్రతి నిమిషానికి తర్వాత లప్పం దగ్గర గంట చెల్లించాల్సి వస్తుంది.

వెల్డింగ్‌కు 0.8 మిల్లీమీటర్ల తీగతో నడిచే మిగ్ మెషిన్ సరైనది. పుల్లలతో చేసే వెల్డింగ్ పలుచని రేకును కాల్చి కొత్త చిల్లులు పెడుతుంది, గ్యాస్ వెల్డింగ్ వేడి ఎక్కువ దూరం పాకి రేకును అలలు అలలుగా వంచుతుంది. అతుకును నాలుగు మూలల చుక్కలతో నిలిపి, ఒక చుక్క ఇటు, తర్వాతి చుక్క దానికి దూరంగా అటు వేసుకుంటూ పోవాలి. రేకు మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడిన తర్వాతే పక్క చుక్క వేయాలి. గీత గీసినట్టు ఒకే పొడవున వెల్డింగ్ లాగిన తలుపు ఎప్పటికీ సాఫీగా కాదు. చుక్కలన్నీ కలిసిన తర్వాత గ్రైండర్‌తో నెమ్మదిగా అరగదీయాలి, అప్పుడు కూడా వేడెక్కనివ్వకూడదు. కింది అంచును లోపలి ఫ్రేమ్ మీదికి మడిచేటప్పుడు బయటి వైపు బరువైన ఇనుప దిమ్మె ఆనించి, ఒక్క దెబ్బతో కాకుండా పొడవునా మూడు విడతలుగా కొంచెం కొంచెం వంచాలి.

లప్పం గురించి చెప్పాల్సింది ఇంతే: అది చిన్న ఎత్తుపల్లాలను సరిచేయడానికి ఉన్న పదార్థం, చిల్లులు మూయడానికి ఉన్నది కాదు. ముందు ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద 2 నుంచి 3 మిల్లీమీటర్లకు మించకుండా లప్పం వేయాలి. గట్టిపరిచే పేస్టును లప్పం బరువులో సుమారు 2 శాతం కలపాలి. మా దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అది రేకు మీదికి చేరేలోపే గట్టిపడుతుంది కాబట్టి, కొంచెం కొంచెంగా కలుపుకుని తెల్లవారుజామున చేయడం మంచిది. 80, 180, 320 నంబర్ల కాగితాలతో వరసగా రుద్ది, ప్రైమర్ వేసి, 600 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి.

ఇక్కడ మా ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. నల్లగొండ జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్లతో రుద్ది అలాగే ఆరనిస్తే రేకు మీద తెల్లటి పొర నిలుస్తుంది. ఆ ఉప్పు రంగు కింద చిక్కుకుంటే తేమను లాగి కొన్ని నెలల్లో బుడగలు లేపుతుంది. రుద్దడానికి ఏ నీళ్లు వాడినా, చివరి కడుగుడు మాత్రం శుద్ధి చేసిన తాగునీళ్లతో చేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి.

రంగు వేయడానికి గాలి లేని, పొడిగా ఉన్న చలికాలపు పూట, మంచు ఆరిన తర్వాత, తగినది. పలుచని పొరలుగా వేస్తూ, పొరకు పొరకు మధ్య డబ్బా మీద రాసిన వ్యవధి పాటించాలి. బండి రంగునే మార్చదలచుకుంటే ఆర్సీలో నమోదు చేయించాలి.

బయటి రంగు ఆరిన తర్వాత అసలైన పని, లోపలి రక్షణ, మిగిలి ఉంటుంది. మడత అంచు పొడవునా సీలెంట్ పూయాలి. తలుపు లోపల సన్నటి గొట్టం దూర్చి, మూల మూలకూ చేరేలా మైనం లాంటి తుప్పు నిరోధకాన్ని పిచికారీ చేయాలి. ఆ సమయంలో అడుగు రంధ్రాల్లో తీగ ముక్కలు దూర్చి పెట్టి తర్వాత తీసేస్తే అవి మూసుకుపోవు. అద్దం పక్కన ఎండి పగిలిన రబ్బరు కొత్తది వేయాలి. లోపలి అట్ట వెనుక పాత ప్లాస్టిక్ కాగితం చిరిగి ఉంటే మందపాటి పాలిథీన్ కత్తిరించి అంటించాలి. దాని కింది అంచు తలుపు లోపలి వైపుకే దిగి ఉండాలి, బయటికి వస్తే నీళ్లు అట్టకు పడతాయి.

ఆ తర్వాత ప్రతి ఏడూ మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారంలో, తలుపు అడుగు రంధ్రాల్లో సైకిల్ పుల్లను దూర్చి మట్టి తీసి, అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి చూసుకోవాలి. నీళ్లు వెంటనే ధారగా కారితే అట్ట విప్పాల్సిన పని లేదు. ఆగి ఆగి చుక్కలుగా వస్తే అదే రోజు విప్పి కడగాలి.