మొండిఘటం అనే పేరు ముందు మాన్పించండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగిళ్ళల్లో ఎదురు తిరిగే పిల్లాడికి పేరు పెట్టడానికి ఎవరూ ఆలస్యం చెయ్యరు. మొండిఘటం, రౌడీ, వీడింతే. ఇంట్లో తెలుగులో, బడిలో ఒడియాలో అవే తిట్లు వినేవాడు ఆ పేరుకు తగ్గట్టే తయారవుతాడు, ఇంకేం చేస్తాడు? అందుకని ముందు చుట్టాల దగ్గర వాడి కథలు చెప్పడం ఆపండి. మామ్మకీ తాతకీ మేనమామకీ కూడా ఇదే రూల్.

తర్వాత రోజూ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, వాడు ఏ ఆట ఆడితే అదే ఆడండి. పాఠాలు వద్దు, తప్పులు దిద్దడం వద్దు. పొద్దున గొడవ చేశాడని సాయంత్రం ఆట రద్దు చెయ్యకండి, గొడవైన రోజే అది మరీ కావాలి.

మెచ్చుకోవడం మనకి సరిగా రాదు. తిట్టకపోతే ఆకాశానికెత్తేస్తాం. తనమీద తనకే నమ్మకం లేని పిల్లల్ని అతిగా పొగిడితే కష్టమైన పనికి వెనకాడుతున్నారని 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. 'నువ్వు సూపర్' బదులు చూసింది చూసినట్టు చెప్పండి: "చెల్లి క్యారమ్స్ స్ట్రైకర్ లాక్కుంటే కొట్టబోయి చెయ్యి దించేశావు, చూశాను నాన్నా." అంతే. వెనకాల 'రోజూ ఇలా ఉంటే ఎంత బావుణ్ణు' అని తగిలించారా, మెచ్చుకోలు కాస్తా దెప్పిపొడుపైపోతుంది. మంచినీళ్ళ సీసాలు నింపడంలాంటి పని ఒకటి పూర్తిగా వాడికే వదిలెయ్యండి, వంకరగా చేసినా వెనకే వెళ్ళి సర్దకండి.

కోపం గురించి నేర్పాల్సింది కోపం లేనప్పుడు. గ్యాస్ పొయ్యి చూపించి కోపం కూడా ఇలాగే సిమ్, మీడియం, ఫుల్ అని చెప్పండి, పిల్లలకి ఇట్టే పడుతుంది. సిమ్‌లో ఉన్నప్పుడు ఒంట్లో ఏమవుతుంది, చెవులు వేడెక్కుతాయా, పళ్ళు బిగుసుకుంటాయా, వాడినే చెప్పనివ్వండి. మీడియంకి వస్తే ఏం చెయ్యాలో ముందే ఒప్పందం చేసుకోండి: పెరట్లోకెళ్ళి మొహం కడుక్కోవడం, మెల్లగా ఊపిరి వదలడం, ఏదైనా సరే. మీరూ అనండి, "నాకిప్పుడు మీడియంలో ఉందిరా, కాసిని నీళ్ళు తాగొస్తా" అని. ఫుల్‌కి వెళ్ళాక నీతులు చెవికెక్కవు. విసిరే వస్తువులు తీసేసి, చిన్నవాళ్ళని తప్పించి, మాట తగ్గించండి. చల్లారాక బలవంతపు సారీ దండగ, చిందరవందర చేసింది వాడి చేతే ఎత్తించండి.

బజార్లో వద్దంటారు, వాడు అరుస్తాడు, పరువు పోతుందని కొనిచ్చేస్తారు. అరిస్తే పనవుతుందని వాడికీ, ఇస్తే గోల ఆగుతుందని మీకూ అలవాటవుతుంది. ఈ ఉచ్చును అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ విడమరిచి చూపించాడు. లొంగడం మానేస్తే మొదట్లో గోల పెరుగుతుంది, అప్పుడు జారిపోతే మాత్రం ఇంకా ముదురుతుంది. రూల్స్ రెండో మూడో చాలు. శిక్ష చిన్నదిగా, అదే రోజు అయిపోవాలి. కొట్టడం, అన్నం మాన్పించడం వద్దు. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షనే నిషేధించింది.

మాస్టారిని రోజుకో మంచి పని చిన్న చీటీ మీద రాసిమ్మని అడగండి. పాఠం ఒడియాలో అందకో, చదవడం రాకో, చెవి సరిగా వినబడకో అల్లరి చేసేవాళ్ళుంటారు, అదీ చూపించుకోవాలి.

ఎదురు తిరగడం, చిర్రుబుర్రులు, పంతం కనీసం ఆరు నెలలుగా ఉండి ఇల్లూ బడీ రెండూ నలుగుతుంటే డాక్టర్‌కి చూపించండి. జంతువుల్ని హింసించడం, నిప్పు పెట్టడం, దొంగతనాలు, ఇల్లు వదిలి పారిపోవడం ఉంటే ఆర్నెల్లు చూడక్కర్లేదు. 'చచ్చిపోతా' అంటే బెదిరింపని కొట్టిపారెయ్యకుండా ఆ రోజే తీసుకెళ్ళండి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, రాయగడ, కోరాపుట్ వాళ్ళకి విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా అందుబాటే. మొండితనానికంటూ విడిగా మాత్ర లేదు, అసలు వైద్యం తల్లిదండ్రులకిచ్చే శిక్షణే. నిలకడలేనితనం, అంటే ఏడీహెచ్‌డీ కూడా ఉంటే దానికి మందులు పనిచేస్తాయి. అంతదూరం ఇప్పుడే వెళ్ళలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో అడగొచ్చు.